ఉప్పెనకు ముందా, తరువాతా?

ప్రశ్న: దివిసీమలోని ఒక ప్రాథమిక పాఠశాలలో అయిదో తరగతికి పరిసరాల విజ్ఞానం బోధిస్తున్నాను. కృష్ణదేవరాయలు 1509లో సింహాసనం ఎక్కాడని పిల్లలు తడబడకుండా అప్పజెబుతారు. మొన్న ఒక పాప మాత్రం “రాయలవారు గాంధీ తాతను చూశారా టీచర్?” అని అడిగింది. తరగతిలో ఒక్కరూ నవ్వలేదు. నేను ఎక్కడ పొరబడుతున్నాను?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: టీచర్ గారూ, ఎవరు ముందు, ఎవరు వెనుక అన్నదే చరిత్రలో మొదటి ప్రశ్న కాబట్టి ఆ పాపను మెచ్చుకోవాలి. పదేళ్ల పిల్లలకు 1509 అనేది ఎక్కంలా నోటికి వచ్చే అంకె మాత్రమే. కాలంలో దాని చోటు ఎక్కడో వారికి తెలియదు. మన పల్లెల్లో పెద్దవాళ్లు కూడా ఏళ్లను అంకెలతో గుర్తుపెట్టుకోలేదు. “ఉప్పెన ఏడు నా పెళ్లి”, “పుష్కరాలకు వీడు చంకలో బిడ్డ” అంటూ లెక్క చెప్పేవారు. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన, 1992, 2004, 2016 సంవత్సరాల కృష్ణా పుష్కరాలు మీ ఊళ్లో ప్రతి ఇంటికీ తెలిసిన గుర్తులు. అమ్మ వీటిలో దేనికి ముందు పుట్టింది, నాయనమ్మ కాపురానికి ఎప్పుడు వచ్చింది అని పిల్లల చేత ఇంట్లో అడిగించండి.

తరువాత వరండాలో ఒక తాడు కట్టి, జానకు పదేళ్ల లెక్కన బట్టల క్లిప్పులతో చీటీలు తగిలించండి. జాన మీదే అయి ఉండాలి. పిల్లల జానలతో కొలిస్తే ఒక్కొక్కరికి ఒక్కో చరిత్ర వస్తుంది. ఈ రోజు నుంచి వెనక్కి లెక్కిస్తే ఉప్పెన దాదాపు అయిదు జానల దూరంలో, గాంధీగారు మరణించిన 1948 సుమారు ఎనిమిది జానల దూరంలో ఉంటాయి. రాయలవారి దగ్గరికి వెళ్లాలంటే యాభై జానలు, అంటే పాతిక మూరలు దాటాలి, వరండా చాలకపోవచ్చు. మీకు దగ్గరలోని ఘంటసాల బౌద్ధ స్తూపం సుమారు రెండు వేల ఏళ్ల నాటిది కనుక, దాని చీటీ పట్టుకున్న పిల్లవాడు వంద మూరల దూరంలో, బహుశా బడి గేటు అవతల నిలబడవలసి వస్తుంది. అంత దూరం నడిచి వెళ్లిన పిల్లవాడికి రాయలూ గాంధీగారూ మళ్లీ కలిసిపోరని నా నమ్మకం.

ఒక జాగ్రత్త అవసరం. ఉప్పెనలో వేల మంది పోయారు. అయినవాళ్లను పోగొట్టుకున్న ముసలమ్మను పిల్లలు హఠాత్తుగా వెళ్లి ప్రశ్నించడం బాగుండదు. ముందు మీరు వెళ్లి మాట్లాడి, చెప్పడానికి ఇష్టపడినవారినే బడికి పిలవండి. నీళ్లు గుడి మెట్ల దాకా వచ్చాయని ఒకరు, కప్పు దాకా వచ్చాయని మరొకరు చెబితే సర్దిచెప్పే తొందర వద్దు. ఎవరు ఎక్కడ నిలబడి చూశారు, ఎవరు విని చెబుతున్నారు అని పిల్లలనే అడగనివ్వండి. పాఠ్యపుస్తకంలో దొరకని పాఠం అది.

మాటల్లోనూ చరిత్ర ఉంది. “పదహారణాల తెలుగు” అంటాం కదా, ఆ పదహారు ఎక్కడిదని అడిగి చూడండి. రూపాయికి వంద పైసల లెక్క 1957 ఏప్రిల్ 1న వచ్చింది. అంతకు ముందు రూపాయికి పదహారణాలు.

ప్రశ్న: నాలుగో తరగతి చదివే మా అబ్బాయికి బడిలో చరిత్ర పేరుతో తెనాలి రామకృష్ణుడి కథలు చెబుతున్నారు. ఇది సరైనదేనా?
– ఒక తండ్రి

జవాబు: కథలు మాన్పించకండి, అవి లేని బాల్యం చప్పగా ఉంటుంది. కాకపోతే కథను కథగానే చెప్పాలి. రామకృష్ణకవి అసలు రాయల కొలువులో ఉన్నాడా లేదా అన్నదే పండితుల మధ్య తెగని వాదం. ఈసారి తిరుమల వెళ్లినప్పుడు, ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన రాయల రాగి విగ్రహాలను బాబుకు చూపించండి. రాయలు స్వామికి ఏమేం సమర్పించాడో అక్కడి శాసనాల్లో చెక్కి ఉందని చెప్పి, పిల్లి పాలు తాగనన్న కథకు అటువంటి రాయి ఎక్కడైనా ఉందేమో వాడినే వెతకమనండి.