సంతృప్తి సర్వే ఒక్కటీ చేస్తే స్థానిక సంస్థల సేవల గురించి ఏం తెలుస్తుంది?

మీరు అడిగింది ఇదీ: పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో పరిశోధన మొదలుపెట్టారు. అంశం, స్థానిక సంస్థలు అందించే సేవలపై ప్రజల సంతృప్తి. 300 మందికి ఐదు పాయింట్ల స్కేలుతో ప్రశ్నావళి ఇచ్చి, సగటులూ కోరిలేషన్లూ (ఒకటి మారితే ఇంకోటి ఎంత కలిసి మారుతుందన్న లెక్కలు) తీసి రాస్తే చాలని మీ గైడ్ అంటున్నారు. అది సరిపోతుందా అని మీ అనుమానం.

డిగ్రీకి సరిపోతుంది. ఆ పద్ధతిలో వచ్చిన థీసిస్‌లతో లైబ్రరీ అరలు నిండిపోయి ఉన్నాయి. కాకపోతే అవి చదివాక కూడా ఒక ఆఫీసులో పని ఎలా అవుతోందో, ఎక్కడ ఆగుతోందో మనకి తెలీదు. నేను చాలాకాలంగా ఇలాంటి అధ్యయనాల్లో ఫీల్డ్ పని చేస్తున్నాను. ప్రశ్నలు రాయడం, కౌంటర్ పక్కన కుర్చీ వేసుకుని చూడటం, పాత రిజిస్టర్లు తిరగేయడం, ఇదే నా పని. నా సలహా: ముందు ఏదో ఒక సేవ ఎంచుకుని, దరఖాస్తు లోపలికి వెళ్లిన దగ్గర్నుంచి కాగితం మనిషి చేతికి వచ్చేదాకా దాని వెంట నడవండి. సంతృప్తి సంగతి ఆ తర్వాత అడగొచ్చు.

ఎందుకంటే సేవ ఎంత బాగుందన్నదే కాకుండా, మనిషి ఏం ఆశించి వచ్చాడన్నది కూడా సంతృప్తిలో కలిసిపోయి ఉంటుంది. ఒక మునిసిపల్ ఆఫీసు బయట మేం సర్వే చేస్తుంటే ఒక పెద్దాయన బయటికొచ్చాడు. పేరులో ఒక్క అక్షరం సవరణ కోసం నెలల తరబడి తిరిగి, చివరికి ఆ రోజు కాగితం సంపాదించాడు. ఐదుకి ఐదు ఇచ్చాడు. "అసలు అవుతుందనుకోలేదమ్మా" అన్నాడు. ఆయన వెనకే వచ్చిన కుర్రాడి పని గంటలో అయిపోయింది. అతను రెండు ఇచ్చాడు. ఫోన్‌లో అయిపోవాల్సినదానికి నన్నెందుకు ఇక్కడిదాకా రప్పించారని అతని కోపం. ఇద్దరి సగటు మూడున్నర. ఆ మూడున్నరని పట్టుకుని ఆ ఆఫీసు గురించి ఏం చెప్పగలం? పైగా ఆఫీసు ఆవరణలో, కాగితం ఇంకా చేతికి రాని మనిషిని అడిగితే గట్టిగా మాట్లాడడు. మీ చేతిలో పేపరు, మెడలో ఐడీ కార్డు చూసి మీరూ ఆఫీసు తాలూకే అనుకుంటాడు.

మీ గైడ్ చెప్పిన ప్రశ్నావళికి మూలం బహుశా సర్వ్‌క్వాల్ అయి ఉంటుంది. పరశురామన్, జైతామ్ల్, బెర్రీ అనే ముగ్గురు 1985లో ఆలోచన మొదలుపెట్టి 1988లో 22 అంశాలుగా తేల్చిన, సేవల నాణ్యతని కొలిచే కొలమానం అది. మొదట్లో వాళ్లు పరిశీలించినవి బ్యాంకులు, క్రెడిట్ కార్డులు, షేర్ బ్రోకర్లు, రిపేరు సర్వీసులు. అక్కడ నచ్చకపోతే కస్టమర్ ఇంకో కంపెనీకి పోతాడు. జనన ధ్రువపత్రం బాగా ఇవ్వడం లేదని పక్క మునిసిపాలిటీకి పోలేం కదా. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో చెప్పిన విషయం ఇక్కడ పనికొస్తుంది. ఒక సంస్థ తీరు నచ్చనప్పుడు మనిషికి ఉన్న దారులు రెండు: వదిలేసి వెళ్లిపోవడం, లేదంటే నోరు తెరిచి అడగడం. మొదటి దారి లేనిచోట రెండోదాని గురించి వివరంగా అడగాలి. ఫిర్యాదు చేశారా, ఎవరికి చేశారు, ఆ తర్వాత ఏమైంది? సర్వ్‌క్వాల్ 22 అంశాల్లో ఇది దొరకదు.

సర్వేలే వద్దంటున్నానని అనుకోకండి. బెంగళూరులో శామ్యూల్ పాల్ ఆధ్వర్యంలో 1994లో వచ్చిన సిటిజన్ రిపోర్ట్ కార్డ్ కూడా సర్వేనే. అందులోనూ సంతృప్తి ప్రశ్న ఉంది. దాని బలం మాత్రం మిగతా ప్రశ్నల్లో ఉంది: సమస్య మీద ఆఫీసుకి వెళ్లారా, ఎన్నిసార్లు తిరిగారు, పని అయిందా, పైన డబ్బులేమైనా ఇవ్వాల్సి వచ్చిందా. ఇవన్నీ జరిగిన సంగతులు. మనసులో ఏమనిపించిందనే దానికంటే వీటిని గుర్తుచేసుకుని చెప్పడం తేలిక, ఒకరితో ఒకరిని పోల్చడమూ తేలిక. ఆ సర్వేని 1999లో, 2003లో మళ్లీ చేశారు. రెండోసారికి మార్పు అంతంతమాత్రం. మూడోసారికి చాలా సంస్థల మార్కులు స్పష్టంగా పెరిగాయి. ఒక్కసారి చేసి వదిలేసి ఉంటే ఈ తేడా ఎవరికీ కనిపించేది కాదు.

ఇక దరఖాస్తు వెంట నడవడం అంటే ఏంటో చెప్తాను. మీ థీసిస్‌కి అసలు సరుకు దొరికేది ఇక్కడే.

ఒకచోట ఆన్‌లైన్ పోర్టల్ నివేదిక ప్రకారం దరఖాస్తులు దాదాపు అన్నీ గడువులోపే పరిష్కారం అయినట్టు ఉంది. ఆ సారాంశం పక్కన పెట్టి, ప్రతి దరఖాస్తుకీ వచ్చిన తేదీ, ముగిసిన తేదీ ఇమ్మని అడిగాం. పర్సంటేజీ ఇవ్వడానికి వెంటనే ఒప్పుకున్నవాళ్లు తేదీల దగ్గరికొచ్చేసరికి పై నుంచి రాతపూర్వకంగా తెమ్మన్నారు. సరే, తెచ్చాం. ఎన్ని రోజుల్లో ఎన్ని దరఖాస్తులు ముగిశాయో గ్రాఫ్ గీస్తే గడువు చివరి రోజున, దానికి ముందు రోజున కుప్పలు పడ్డాయి. ఆ కుప్పలో చాలావాటికి ఎదురుగా "వివరాలు అసంపూర్ణం, తిరస్కరించడమైనది" అని ఉంది. తర్వాత కొద్ది రోజులకే అదే మనిషి, అదే పని, కొత్త దరఖాస్తు నంబర్. పోర్టల్ లెక్కలో అవి రెండు దరఖాస్తులు, రెండూ సకాలంలో పరిష్కారమైనవే. ఆ మనిషికి మాత్రం పని ఒక్కటే, పట్టిన కాలం రెట్టింపు, ఫీజు రెండుసార్లు.

అప్పుడు మేం చేసిందల్లా, ఒకే మనిషి ఒకే పని కోసం పెట్టిన దరఖాస్తులన్నీ కలిపి, మొదటి దరఖాస్తు నుంచి చివరికి కాగితం అందేదాకా రోజులు లెక్కపెట్టడం. పెద్ద స్టాటిస్టిక్స్ ఏమీ అక్కర్లేదు, ఎక్సెల్ చాలు. ఓపిక మాత్రం కావాలి, ఒక్కోసారి పేర్లు ఒక్కో స్పెల్లింగ్‌లో ఉంటాయి. కానీ సర్వేలో ఎంతమందిని అడిగినా ఈ విషయం బయటపడేది కాదు. తిరస్కరణ తమ తప్పువల్లే అయిందని ఆ దరఖాస్తుదారులే నమ్ముతున్నారు.

ఇది ఒక్క ఆఫీసు జాడ్యమేమీ కాదు. గడువు పెట్టి మార్కులు వేసే ప్రతిచోటా ఇలాంటిది ఏదో ఒక రూపంలో ఉంటుంది. ఇంగ్లండ్‌లో ప్రాణాపాయం ఉన్న కాల్స్‌లో 75 శాతానికి అంబులెన్సు 8 నిమిషాల్లోపు చేరాలని టార్గెట్ పెట్టారు. కొన్ని సర్వీసుల్లో 8వ నిమిషానికి అంబులెన్సు చేరినట్టు రాసిన కాల్స్ సంఖ్య ఒక్కసారిగా లేచి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోవడాన్ని గ్విన్ బెవన్, క్రిస్టఫర్ హుడ్ 2006లో రాసిన వ్యాసంలో చూపించారు. అందుకే సగటుకీ శాతానికీ ముందు గ్రాఫ్ గీయమంటాను. కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పని సంగతి ఒక్కోసారి అందులో దొరుకుతుంది.

కౌంటర్ అవతలి మనిషి గురించి కూడా చెప్పాలి. మన థీసిస్‌లలో అతనికి చోటు ఉండదు, ఉన్నా "సిబ్బంది ప్రవర్తన" అనే ఒక్క వరుసలో సర్దేస్తాం. ఒక ఆఫీసులో లైసెన్స్ రెన్యువల్ సెక్షన్ చూశాను. గోడ మీద అతికించిన జాబితాలో లేని ఒక పత్రాన్ని గుమాస్తా ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాడు. బయట జనం అనుకునేది ఒకటే, ఏదో ఆశిస్తున్నాడని. నాలుగైదు రోజులు పక్కన కూర్చున్నాక ఆయనే బీరువాలోంచి ఒక పాత ఫైలు తీసి చూపించాడు. ఆ పత్రం లేకుండా లైసెన్స్ ఇచ్చారని గతంలో ఆడిట్‌లో అభ్యంతరం రాశారు. దానికి జవాబు చెప్పుకోలేక ముందున్న గుమాస్తా నానా అవస్థలు పడ్డాడట. జాబితా తయారుచేసిన పై ఆఫీసు ఆ అభ్యంతరం సంగతి పట్టించుకోలేదు, ఆడిట్ వాళ్లు జాబితాని పట్టించుకోలేదు. మధ్యలో ఇరుక్కున్న మనిషి తనని తాను కాపాడుకునే దారి చూసుకున్నాడు, ఆ భారం దరఖాస్తుదారుల మీద పడింది.

మైకేల్ లిప్‌స్కీ 1980లో స్ట్రీట్ లెవెల్ బ్యూరోక్రసీ అని పేరుపెట్టి చెప్పింది దీని గురించే. టీచర్లు, పోలీసులు, సంక్షేమ కార్యాలయాల సిబ్బంది లాంటివాళ్లు చేతికందే వనరులకు మించిన పని మీద పడినప్పుడు తమకంటూ కొన్ని అడ్డదారులు, అలవాట్లు ఏర్పరుచుకుంటారని, జనానికి అందే విధానం చివరికి అదేనని ఆయన వాదన. క్యూలో నిలబెట్టడం, రేపు రమ్మనడం కూడా ఉన్న కొద్దిపాటి సేవని కోతపెట్టి పంచే రేషనింగే. మీరు సిబ్బందిని ఇంటర్వ్యూ చేసేటప్పుడు రూల్స్ ఏంటని అడగకండి, రూల్స్ చదివి వినిపిస్తారు. "నిన్న సాయంత్రం ఏ ఫైలు పక్కన పెట్టారు, ఎందుకు?" అని అడగండి. అలాగే ఆఫీసు బయట ఫారాలు నింపిపెట్టేవాళ్లని వదలొద్దు. ఏ సీటు దగ్గర ఏ కాగితం ఆగుతుందో వాళ్లకి తెలిసినంతగా లోపల ఉన్న అధికారికి కూడా తెలీదు.

జనం అభిప్రాయాన్ని దేనికి నమ్మొచ్చో, దేనికి నమ్మకూడదో తెలుసుకోవాలంటే ఆర్థికవేత్త బెంజమిన్ ఓల్కెన్ ఇండోనేషియాలో చేసిన పని చూడండి. 608 గ్రామాల్లో వేస్తున్న రోడ్ల మీద ఖర్చుని ఆయన పరిశోధించాడు. ఇంజనీర్లు రోడ్డుని తవ్వి అసలు ఎంత మెటీరియల్ పడిందో అంచనా వేశారు, దాన్ని బిల్లులతో పోల్చారు. ఆడిట్ జరిగే అవకాశాన్ని 4 శాతం నుంచి 100 శాతానికి పెంచితే, లెక్క తేలని ఖర్చు 8 పర్సంటేజీ పాయింట్లు తగ్గిందని 2007లో ప్రచురించాడు. మీకు ఇంకా పనికొచ్చేది ఆయన 2009 వ్యాసం. అవినీతి జరిగిందా అని గ్రామస్తుల్ని అడిగిన జవాబులకీ, తవ్వి తేల్చిన లెక్కకీ సంబంధం ఉంది గానీ బలహీనంగా ఉంది. ధర ఎక్కువ వేస్తే జనం పసిగట్టారు, పరిమాణం ఎక్కువ రాస్తే పసిగట్టలేకపోయారు. దొంగలెక్కల్లో ఎక్కువ భాగం పరిమాణంలోనే ఉంది మరి! కాబట్టి కుళాయిలో నీళ్లు వస్తున్నాయా, చెత్త తీస్తున్నారా లాంటివి జనాన్ని అడగండి, వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు. నీళ్లు శుద్ధి అయ్యాయా, డ్రైనేజీ పైపు సైజు బిల్లులో ఉన్నంత ఉందా అనేవి కొలిచి చూడాల్సినవి.

అసలు ఆఫీసుకే రానివాళ్ల సంగతి మీ 300 మందిలో ఉండదు. కౌంటర్ దగ్గర శాంపిల్ తీస్తే అక్కడిదాకా రాగలిగినవాళ్లే దొరుకుతారు. అర్హత ఉండీ దరఖాస్తు పెట్టనివాళ్లు, సగంలో వదిలేసినవాళ్లు ఇళ్ల దగ్గరే దొరుకుతారు. ఇలా మనిషిని ఆపేసే భారాన్ని పమేలా హెర్డ్, డోనల్డ్ మోయినిహాన్ అనే పరిశోధకులు అడ్మినిస్ట్రేటివ్ బర్డెన్ అన్నారు. దాన్ని మూడు ఖర్చులుగా విడగొట్టారు: పథకం ఉందని, తనకి వర్తిస్తుందని తెలుసుకునే ఖర్చు, కాగితాలు కూడబెట్టి తిరిగే ఖర్చు, ఆ క్రమంలో పడే అవమానం, టెన్షన్. మూడోదాని గురించి ఒక్క ప్రశ్నయినా పెట్టండి. ఒంటరిగా ఉంటున్న ఒకావిడ, తనకి రావాల్సిన సాయం కోసం వెళ్తే అక్కడివాళ్లు అడిగిన ఒక్క ప్రశ్నకే లేచి వచ్చేసి మళ్లీ వెళ్లలేదని మాతో చెప్పింది. ఆఫీసు రికార్డులో ఆవిడ ఎక్కడా లేదు, పెండింగ్‌లో కూడా లేదు.

ప్రయోగం చేసే ఉద్దేశం ఉంటే ఢిల్లీలో పైసాఖిన్, పింటో అనే పరిశోధకులు చేసినది ఒకసారి చదవండి. రేషన్ కార్డుకి దరఖాస్తు పెట్టిన మురికివాడల వాసుల్లో కొందరు లంచం ఇచ్చారు, కొందరు సమాచార హక్కు కింద తమ దరఖాస్తు ఏమైందని అడిగారు, కొందరు స్వచ్ఛంద సంస్థ సిఫారసు ఉత్తరం జతచేశారు, మిగతావాళ్లు ఊరికే ఎదురుచూశారు. లంచం ఇచ్చినవాళ్లకి అందరికంటే ముందు వచ్చింది, సమాచార హక్కు వాడినవాళ్లు వాళ్లకి దగ్గర్లోనే ఉన్నారు. మిగతా రెండు గుంపులూ బాగా వెనకబడ్డాయి. ఒక పీహెచ్‌డీకి ఇది బరువైన పనే, ఎథిక్స్ కమిటీ కూడా ఊరుకోదు. పని బరువైనా డిజైన్ ఎంత సింపుల్‌గా ఉందో చూడటానికి చెప్తున్నాను.

మీ గైడ్‌తో గొడవ పెట్టుకోనక్కర్లేదు. ప్రశ్నావళి ఉంచండి, దాన్ని ఒక అధ్యాయానికి కుదించండి. ఐదారు సేవలు పెట్టుకోకుండా ఒక్కటే తీసుకోండి, వీలైతే రెండు ఆఫీసుల్లో అదే సేవ చూడండి. అనుమతి లేఖ మొదటి నెలలోనే పెట్టండి. అందులో "సంతృప్తి అధ్యయనం" అని మాత్రమే రాస్తే తర్వాత రిజిస్టర్లు చూపించరు, కాబట్టి దరఖాస్తుల తేదీలు, తిరస్కరణ కారణాలు కావాలని ముందే రాయండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి కోడ్ వేసుకోండి. గుమాస్తా చెప్పిన విషయం అతని పై అధికారి చదివినా అతనికి ఇబ్బంది రాకుండా ఉండాలి. సెక్షన్‌లో ఒక్కరే పనిచేసేచోట పేరు రాయకపోయినా ఎవరో తెలిసిపోతుంది. అలాంటిచోట ఆఫీసు వివరం కూడా మార్చాలి.

సేవ ఏదన్నది ఇంకా తేల్చుకోకపోతే, ఎవరో ఒకరు ఇంటికొచ్చి పరిశీలించాల్సిన దశ ఉన్నది తీసుకోండి. ఇంటి ప్లాన్ అనుమతి, కొత్త కుళాయి కనెక్షన్ అలాంటివే. రికార్డులోంచే నేరుగా ఇచ్చే సర్టిఫికెట్లలో ఆలస్యం కంప్యూటర్ మీదకి నెట్టేయొచ్చు. ఇంటికొచ్చి చూడాల్సిన పనిలో మాత్రం ఎవరు, ఏ రోజు, ఎందుకు రాలేదో ఎక్కడో ఒకచోట రాసి ఉంటుంది.