ఫస్ట్ ఆఫీసర్‌గా (కో-పైలట్‌గా) చేరుతున్న తమ్ముడి కొడుక్కి

రాజోలు

చిరంజీవి అబ్బాయికి మీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఎయిర్‌బస్ ఏ320 విమానం మీద నీ శిక్షణ పూర్తయి, వచ్చే వారం నుంచి ప్రయాణికులతో ఎగరబోతున్నావని మీ నాన్న చెప్పగానే మా ఇంట్లో పండుగయింది. అయితే సంక్రాంతికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని నువ్వన్న మాట ఒకటి అప్పటి నుంచీ నా మనసులో మెదులుతూనే ఉంది. “విమానం తనంత తానే వెళ్తుంది పెదనాన్నా, మేము చూస్తూ ఉంటే చాలు” అన్నావు. నాయనా, మన వృత్తిలో అన్నిటికన్నా కష్టమైనది ఆ చూస్తూ ఉండడమే.

ఆటోపైలట్‌ను నేను తప్పుపట్టడం లేదు. 29,000 అడుగులు దాటాక విమానాల మధ్య నిలువు దూరం 1,000 అడుగులే కనుక, అక్కడ ఎత్తు తప్పకుండా నిలపడానికి అది ఉండి తీరాలి. అర్ధరాత్రి వానలో దిగేటప్పుడు అది చేసే సాయం నాకు తెలుసు. నా బెంగ వేరు. అది ఎంత బాగా పనిచేస్తే మన చేయీ కన్నూ అంతగా మొద్దుబారతాయి, ఆ సంగతి అవసరం పడేదాకా మనకు తెలియదు.

2009 జూన్ 1న రియో డి జనీరో నుంచి పారిస్ వెళ్తూ అట్లాంటిక్‌లో పడిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ 447 దర్యాప్తు నివేదికను తీరిక చేసుకుని పూర్తిగా చదువు. వేగాన్ని కొలిచే పిటో గొట్టాలలో మంచు స్ఫటికాలు చేరాయి, లెక్కలు పొంతన కుదరక ఆటోపైలట్ తప్పుకుంది. ఆ లోపం నిమిషం లోపే సర్దుకుంది. విమానానికి మరే జబ్బూ లేదు. కానీ ఆ కాస్త వ్యవధిలోనే విమానాన్ని నడిపే పిడిని, సైడ్‌స్టిక్‌ను, వెనక్కి లాగడంతో ముక్కు పైకి లేచి, విమానం దాదాపు 38,000 అడుగులకు ఎక్కి, వేగం కోల్పోయి, రెక్కలకు గాలి ఊతం చాలక స్టాల్ అయింది. మామూలుగా ఆ విమానం పైలట్‌ను స్టాల్ దాకా పోనివ్వదు, అయితే వేగం లెక్కలు చెడినప్పుడు ఆ రక్షణ తొలగిపోతుంది. నాకు నిద్ర పట్టనివ్వని వివరం ఇంకొకటి ఉంది. కొలిచిన వేగం 60 నాట్ల కన్నా తగ్గితే స్టాల్ హెచ్చరిక ఆగిపోయేది, ముక్కు దించగానే మళ్లీ మోగేది. అంటే సరైన పని చేసినప్పుడే యంత్రం కేకలు వేసినట్టయింది. ఆటోపైలట్ తప్పుకున్న నాలుగున్నర నిమిషాల లోపే 228 మందీ పోయారు. ఆ కో-పైలట్లు చేతకానివారు కారు. అంత ఎత్తులో, వేగం తెలియని స్థితిలో విమానాన్ని చేత్తో నడపడం వారికి ఎవరూ నేర్పలేదని ఆ నివేదికే చెప్పింది.

అందుకే వేగం నమ్మరాని స్థితిలో ఏ ఎత్తులో ముక్కు ఎన్ని డిగ్రీలు ఉండాలో, పవర్ ఎంత ఉండాలో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి. నీ విమానానికి 10,000 అడుగుల పైన 5 డిగ్రీలు, క్లైంబ్ పవర్. మిగతావి నీ మాన్యువల్‌లో ఉన్నాయి, కంఠస్థం చెయ్యి.

నా సంగతీ ఒకటి చెప్పాలి. ఒక వేసవి మధ్యాహ్నం ఆకాశం నిర్మలంగా ఉంది, దిగే వాలును చూపే రేడియో సంకేతం, రన్‌వే గ్లైడ్‌స్లోప్‌ను మాత్రం మరమ్మతు కోసం ఆపివేశారు. కంటితో చూస్తూ చేత్తో దించుతున్నాను. నా చూపంతా రన్‌వే మీదే ఉండగా వేగం ఉండవలసిన దానికన్నా 12 నాట్లు పడిపోయింది. పక్కనున్న కుర్రవాడు “స్పీడ్” అనకపోతే నేను గమనించేవాణ్ణి కాను. వెంటనే పవర్ పెంచి, దిగకుండా మళ్లీ పైకి లేపి గో అరౌండ్ చేశాను. ఆ రాత్రి లెక్క వేసుకుంటే, అంతకు ముందు నాలుగు నెలలుగా, ఇంజిన్ పవర్‌ను తానే సర్దే ఆటోథ్రస్ట్ లేకుండా నేను ఒక్కసారి కూడా దిగలేదని తేలింది. 2013 జూలై 6న శాన్ ఫ్రాన్సిస్కోలో ఏషియానా 214 అటువంటి రోజునే కూలింది: గ్లైడ్‌స్లోప్ లేదు, ఆకాశం మాత్రం తేటగానే ఉంది. ఆటోథ్రాటిల్ (ఆటోథ్రస్ట్ వంటిదే) వేగాన్ని చూసుకుంటుందని పైలట్లు అనుకున్నారు, కానీ అది ఆ పని మానేసే మోడ్‌లో ఉంది. 137 నాట్లు ఉండవలసిన వేగం 103కు పడిపోయింది. ముగ్గురు మరణించారు.

కనుక మోడ్ మారినప్పుడల్లా తెర పైభాగంలో ఏమి వ్రాసి ఉందో పైకి చదువు. మీట నొక్కాను కదా అని ఊరుకోకు. యంత్రానికి నువ్వు చెప్పినది వేరు, అది విన్నది వేరు కావచ్చు. అది ఎందుకలా చేస్తున్నదో అర్థం కాకపోతే, కారణం వెతుకుతూ కీలు నొక్కే బదులు ఆపి చేతిలోకి తీసుకో.

నా చిన్నతనంలో నరసాపురం రేవులో పంటు నడిపే సరంగు తన కొడుక్కి చుక్కాని ఇచ్చేది గోదావరికి వరద వచ్చినప్పుడు కాదు. పోటూ పాటూ రెండూ నెమ్మదించిన వేళ, గాలి లేని పూట, తాను పక్కనే నిలబడి ఇచ్చేవాడు. నువ్వూ అలాగే తేటగా ఉన్న రోజున, రద్దీ లేని విమానాశ్రయంలో, మీ కంపెనీ నియమాలు అనుమతించినంత మేర, బయలుదేరే ముందే కెప్టెన్‌ను అడుగు: “ఈ పూట ఆటోపైలట్, ఆటోథ్రస్ట్, తెర మీద దారి చూపే ఫ్లైట్ డైరెక్టర్ మూడూ ఆపి దించుతాను సార్.” కాదంటే వాదించకు, మరునాడు మరొకరిని అడుగు. నిన్ను తక్కువగా చూస్తారేమోనని సంకోచించకు. చేత్తో నడిపే అలవాటు పోనివ్వవద్దని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2013 జనవరిలోనే ఎయిర్‌లైన్లకు సూచించింది. ఆరు నెలలకొకసారి వచ్చే సిమ్యులేటర్‌లోనూ పరీక్ష ముగిశాక సమయం మిగిలితే, ఎత్తులో స్టాల్ నుంచి బయటపడడం మరొక్కసారి చేయించమని అడుగు.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకో. చేత్తో దిగిన ప్రతిసారీ తేదీ, గాలి, వేగం ఎక్కడ తప్పిందీ వ్రాసుకో. మన రాజమండ్రి విమానాశ్రయం మధురపూడికి డ్యూటీ పడి ఒక పూట తీరిక దొరికితే ఇంటికి రా, ఆ నోట్‌బుక్ మరచిపోకుండా తీసుకునిరా. నావి పాతవి నాలుగు ఉన్నాయి, నీ కోసం అటక మీద నుంచి దింపించి పెట్టాను.

ఇట్లు,
మీ పెదనాన్న