గోడ మీద స్విచ్చే చాలు తమ్ముడూ

ప్రశ్న: మేము మార్చిలో హన్మకొండ నుంచి డాలస్ వచ్చాం. ఇప్పటిదాకా అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. వచ్చే నెల ఫ్రిస్కోలో అద్దె ఇంట్లోకి మారుతున్నాం. వీడియో డోర్‌బెల్, స్మార్ట్ లాక్, స్మార్ట్ థర్మోస్టాట్ (ఇంట్లో ఏసీ, హీటర్‌లను అదుపు చేసేది), మాట వినే స్పీకర్, బల్బులు అన్నీ ఒకేసారి కొనేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. సేల్‌లో 900 డాలర్ల దాకా అవుతుంది. కొనమంటారా?

జవాబు: కొనొద్దు తమ్ముడూ. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, ఈ ఊళ్లో నాకు పదహారేళ్లు నిండాయి. ఆ 900 డాలర్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు, అది ఒక్కసారి పోయే డబ్బు. దాని వెనకాలే నెల నెలా పోయే డబ్బు గురించే నా భయమంతా. కొత్తగా వచ్చినవాళ్లకు అది కనిపించదు. నాకూ కనిపించలేదు.

నేను 2009లో డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో దిగాను. అప్పట్లో డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం, నేల మీద పరుపులు. బయట ఒక కాఫీ తాగినా రూపాయల్లో ఎంతయిందో లెక్కేసుకునేవాణ్ణి. అలా ఎనిమిదేళ్లు కూడబెట్టి, ఎవరి దగ్గరా చేయి చాపకుండా 2017లో ఫ్రిస్కోలో ఇల్లు కొన్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. కానీ తాళాలు చేతికొచ్చిన నెలలోనే ఆ లెక్క మరిచిపోయాను. థాంక్స్ గివింగ్ సేల్‌లో డోర్‌బెల్, రెండు కెమెరాలు, తాళం, థర్మోస్టాట్, గ్యారేజ్‌కి ఒక పరికరం, పదహారు బల్బులు, మూడు స్పీకర్లు తెచ్చాను. దాదాపు 1,400 డాలర్లు. ఇల్లు కొన్నవాడికి ఇది ఒక లెక్కా అనుకున్నాను.

2018 వేసవిలో అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చారు. నాన్న రిటైరైన టీచరు. గదిలోంచి బయటికి వస్తూ స్విచ్ ఆపెయ్యడం ఆయనకు పుట్టుకతో వచ్చిన అలవాటులాంటిది. ఈ బల్బులకేమో గోడ మీద స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి, కరెంటు తీసేస్తే అవి ఫోన్‌కి అందవు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి చూస్తే సగం ఇల్లు ‘ఆఫ్‌లైన్’. నాలుగు రోజులు నచ్చజెప్పి, అయిదో రోజు స్విచ్‌ల మీద తెల్ల టేపు అంటించాను. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి రెండింటికి మంచినీళ్లకు లేచి చూస్తే హాల్లో గోడ దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. నాన్న. బాత్రూమ్‌కి వెళ్దామని లేచి, టేపు అంచు ఎక్కడుందో గోరుతో తడుముకుంటున్నారు. స్పీకర్‌కి చెబితే లైటు వేస్తుందని నేర్పాను కానీ ఆయన ఇంగ్లీషు దానికి అర్థమయ్యేది కాదు. పైగా పిల్లలు నిద్రపోతున్నారని గట్టిగా పిలవలేదు. అప్పటికప్పుడు టేపులన్నీ పీకేశాను. వారంలోపు పాత బల్బులు తిరిగి పెట్టేశాను.

ఆ ఆగస్టులోనే అమ్మ సంగతి. మధ్యాహ్నం కరివేపాకు మొక్కకు నీళ్లు పోద్దామని బయటికి వెళ్లింది. తలుపు దానంతట అదే లాక్ అయ్యే సెట్టింగ్ నేనే పెట్టాను. తాళంలో బ్యాటరీలు అయిపోయాయి. నంబర్లు నొక్కితే పలకదు. నాన్న పైగదిలో నిద్ర, ఫోన్ లోపల, బయట ఎండ 100 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటింది. పక్కింటి ఆవిడ చూసి లోపలికి తీసుకెళ్లి నీళ్లిచ్చే సరికి నలభై నిమిషాలయింది. ఆ తాళానికి చెవి కూడా ఉంది, కొన్న రోజున పెట్టెలో వదిలేసి అలమరలో ఎక్కడో పడేశాను. ఇప్పుడు మా ఇంటి తాళంచెవులు అయిదు, అందులో ఒకటి ఆ పక్కింటి ఆవిడ దగ్గరే ఉంటుంది. హార్డ్‌వేర్ షాపులో ఒక్కోటి నాలుగు డాలర్లకు కోసిస్తారు.

ఇవన్నీ జరిగినా నెలవారీ డబ్బు మీదికి నా దృష్టి పోలేదు. పోయింది 2020 ఏప్రిల్‌లో. కోవిడ్ వచ్చి నా ప్రాజెక్ట్ ఆగిపోయింది. అప్పుడు నేను హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నాను. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి 60 రోజుల దాకా గ్రేస్ ఉంటుంది, ఆ వివరాలు నీ లాయర్‌ని అడిగి తెలుసుకో. వంటింటి బల్ల మీద క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు పరుచుకుని, మా ఆవిడ చదువుతుంటే నేను ఎర్ర పెన్నుతో గీతలు గీశాను. డోర్‌బెల్ వీడియోలు దాచినందుకు 4. రెండు కెమెరాలకు కలిపి 12. గ్యారేజ్ దానికి 7. ఇంటి అలారం మానిటరింగ్‌కి 35. నెలకు 58 డాలర్లు, ఏడాదికి 696. అప్పటి రేటుకు యాభై వేల రూపాయల పైమాటే. అందులో సగం నేను ఒప్పుకున్న సంగతే నాకు గుర్తులేదు, మొదట ఫ్రీ అని మొదలై కార్డు మీదికి ఎక్కినవే. ఒక పక్క అమ్మ మందులకు పంపే డబ్బు ఈ నెల తగ్గించాలా అని ఆలోచిస్తున్నాను, ఇంకో పక్క నా ఇంటి గుమ్మం వీడియోను ఎవరి కంప్యూటర్‌లోనో దాచడానికి అద్దె కడుతున్నాను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లారి నాలుగూ ఆపేశాం. ఒకదాన్ని ఆపడానికి ఫోన్ మీద గంటన్నర పట్టింది. నలభై మూడో రోజున కొత్త ఆఫర్ వచ్చింది కానీ, ఆ ఖర్చులు మళ్లీ మొదలుపెట్టలేదు.

నీ ఫ్రెండ్స్ ఒక మాట చెప్పి ఉండరు. వస్తువు నీదైనా దాని ప్రాణం కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే డబ్బాను హబ్ అంటారు. 299 డాలర్లకు అమ్మిన రివాల్వ్ అనే హబ్‌ను, ఆ కంపెనీని కొనుక్కున్న నెస్ట్ అనే థర్మోస్టాట్ల కంపెనీ 2016 మేలో ఆపేసింది. కొన్నవాళ్ల చేతిలో ఉత్త డబ్బా మిగిలింది. వింక్ అనే ఇంకో కంపెనీ 2020లో, అప్పటిదాకా ఉచితంగా నడిచిన హబ్‌కు నెలకు 4.99 డాలర్లు కట్టాలంది. ఇన్‌స్టియాన్ అనే మరో కంపెనీ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. నెస్ట్ మొదటి రెండు తరాల థర్మోస్టాట్లకు 2025 అక్టోబర్ 25 నుంచి ఫోన్ కనెక్షన్ లేదు. గోడ మీద తిప్పితే పనిచేస్తాయి, అంతే. అంటే డబ్బు పోసి కొన్నది చివరికి మామూలు థర్మోస్టాట్ అయి కూర్చుంది. అదే నెల 20న అమెజాన్ క్లౌడ్ గంటల తరబడి మొరాయిస్తే దాని మీద నడిచే డోర్‌బెల్స్, స్పీకర్లు కూడా ఇబ్బంది పడ్డాయి.

థర్మోస్టాట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. 50 డాలర్ల కూపన్ ఇస్తామంటే నేను ఒక కరెంటు పొదుపు పథకంలో టిక్ పెట్టాను. ఒక జులై మధ్యాహ్నం 76లో పెట్టిన ఇల్లు 80కి చేరింది. చిన్నది చెమటతో తడిసి ఏడుస్తూ లేచింది. ఏసీ పాడైందని మెకానిక్‌ని పిలిచి 89 డాలర్లు కట్టాక తెలిసింది, కరెంటు వాడకం ఎక్కువున్న రోజున బయటి నుంచే పెంచేశారని. 2021 జూన్‌లో హ్యూస్టన్ వైపు చాలామందికి ఇదే అనుభవమైంది, వార్తల్లో కూడా వచ్చింది. షరతుల్లో రాసే ఉంది, చదవనిది నేనే. కాబట్టి కూపన్ అనగానే చేయి చాపకు.

అందరూ ప్రైవసీ గురించి చెబుతారు, అదీ నిజమే. 2023లో డోర్‌బెల్ కెమెరాల కంపెనీ రింగ్ మీద, వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ పెట్టిన కేసు 58 లక్షల డాలర్ల దగ్గర తేలింది, ఉద్యోగులు కస్టమర్ల వీడియోలు చూశారన్నది అందులో ఒక ఆరోపణ. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంట్లో అది తక్కువ విషయం కాదు. నాకు మాత్రం మొదట డబ్బే గుర్తొస్తుంది.

ఇక 2021 ఫిబ్రవరి. మంచు తుఫానులో డాలస్ ఎయిర్‌పోర్ట్ దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 19 దాకా పడిపోయింది. కరెంటు పోయింది. నిజం చెప్పాలంటే అప్పుడు ఏ థర్మోస్టాటూ చేసేదేమీ లేదు, ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్‌కు కూడా ఫ్యాన్ తిరగడానికి కరెంటు కావాలి. కానీ ఆ చీకటింట్లో ఏవి పనిచేశాయో చూశాను. గ్యాస్ పొయ్యి అగ్గిపుల్లతో వెలిగింది, ఉప్మా చేసుకున్నాం. బ్యాటరీ రేడియోలో వార్తలు విన్నాం. గ్యారేజ్ తలుపు మోటారు దగ్గర ఎర్ర తాడు వేలాడుతూ ఉంటుంది, తలుపు మూసి ఉన్నప్పుడు దాన్ని లాగితే చేత్తో పైకి ఎత్తొచ్చు. ఇక్కడ పదేళ్లుగా ఉన్నవాళ్లకూ ఆ తాడు ఎందుకో తెలియదు. ఆ రోజు మా వీధిలో మూడిళ్ల వాళ్లకు నేనే వెళ్లి తెరిచి చూపించాను. నువ్వు ఇంట్లో దిగిన రోజే ఒకసారి లాగి చూడు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా, చలికి బొగ్గుల కుంపటి ఇంట్లో గానీ గ్యారేజ్‌లో గానీ పెట్టొద్దు. ఆ తుఫానులో కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలు పోయాయి.

మరి ఏం కొనాలంటావు. వైఫై లేని ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్ 30 డాలర్లకు దొరుకుతుంది, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. ఏ రోజు ఏ గంటకు ఎంత ఉండాలో ఒకసారి పెట్టేస్తే మరిచిపోవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీలు అటూ ఇటూ మార్చి పెడితే ఏడాదికి 10 శాతం దాకా ఖర్చు తగ్గుతుందని ఇక్కడి ఇంధన శాఖే చెబుతుంది. ఆ పొదుపు ఈ 30 డాలర్ల దానితోనూ వస్తుంది, దానికి 250 డాలర్ల అద్దాల డబ్బా అక్కర్లేదు. ఊరెళ్లినప్పుడు ఇంట్లో మనిషి ఉన్నట్టు దీపం వెలగడానికి, గుండ్రటి డయల్ చుట్టూ పిన్నులుండే టైమర్లు రెండు, ఒక్కోటి పది డాలర్లు. వాకిట్లోకి చీకటి పడగానే తనంతట వెలిగే బల్బు ఒకటి, పది డాలర్లు. తాళంచెవులు మూడు, పన్నెండు. ఇంకో 30 పెట్టి, తుఫాను హెచ్చరికలు వినిపించే వెదర్ రేడియో తప్పకుండా కొను. 2019 అక్టోబర్ 20 రాత్రి నార్త్ డాలస్‌లో టోర్నడో పడింది. ఇంటర్నెట్ పోయినా, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ రేడియో నిన్ను లేపుతుంది. దానికి నెల బిల్లు లేదు. అన్నీ కలిపి నూరు డాలర్ల చుట్టూ అవుతుంది.

నీ భార్య పగలు ఒంటరిగా ఉంటుంది, గుమ్మంలో కెమెరా కావాలి అనుకుంటే తప్పు లేదు. మెమరీ కార్డు వేసుకునే రకం తీసుకో, వీడియో నీ ఇంట్లోనే ఉంటుంది. నెల నెలా కడితేనే పాత వీడియో చూపించే రకం ఎంత చవకగా ఇచ్చినా వద్దు. పొగ అలారాలు మాత్రం పీకొద్దు. మన తాలింపులకు అరుస్తాయి, అప్పుడు కిటికీ తియ్యి, అట్టముక్కతో విసురు, అంతేగానీ బ్యాటరీ తియ్యకు.

హన్మకొండలో అమ్మానాన్నల ఇంట్లో కెమెరా పెడదామని కూడా నీకు ఎప్పుడో ఒకసారి అనిపిస్తుంది. నేను తెనాలిలో పెట్టాను. అక్కడ కరెంటు పోయినప్పుడల్లా ఇక్కడ నాకు గుండె దడ. అమ్మ ముగ్గులోకి వంగి లేచేటప్పుడు నడుం పట్టుకోవడం చూసి, ఆఫీసులో పని చెయ్యలేకపోయేవాణ్ణి. ఆర్నెల్లకు తీసేయించి, పొద్దున ఏడింటికి ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాను. ఎదురింటి బాబాయి నంబరు కూడా ఫోన్‌లో పెట్టుకున్నాను.

అద్దె ఇల్లు అన్నావు కాబట్టి లీజు మొత్తం చదువు. కొందరు ఓనర్లు స్మార్ట్ తాళం, థర్మోస్టాట్ వాళ్లే పెట్టి, టెక్నాలజీ ఫీజు అని నెలకు కొంత కలుపుతున్నారు. అది వద్దని సంతకానికి ముందే అడగాలి, తర్వాత అడిగితే వినరు. ఫోన్ తాళం పెట్టినా మామూలు తాళంచెవి ఇవ్వమని పట్టుబట్టు. న్యూయార్క్‌లో 2019లో కొందరు అద్దెవాళ్లు ఓనర్ మీద కోర్టుకెళ్లి చెవులు ఇప్పించుకున్నారు. టెక్సాస్‌లో తాళాల రూల్స్ ప్రాపర్టీ కోడ్‌లో ఉన్నాయి, చూసుకో.

థర్మోస్టాట్ మార్చే ముందు ఓనర్‌కి ఈమెయిల్ పెట్టి, ఒప్పుకున్నట్టు జవాబు తెప్పించుకో. నీది హీట్ పంపా (ఏసీలాగే నడుస్తూ చలికాలంలో వేడి ఇచ్చేది), మామూలు ఫర్నేసా కనుక్కుని, దానికి సరిపడేదే కొను. బ్రేకర్ ఆపాకే మూత తియ్యి. ఏ వైరు ఏ అక్షరం దగ్గర ఉందో ఫోన్‌లో ఫోటో తీసుకున్నాకే వైర్లు విప్పు. రంగును నమ్మొద్దు, అక్షరాన్ని నమ్ము. విప్పిన పాతదాన్ని, దాని స్క్రూలతో సహా ఒక కవర్లో వేసి, పైన ఇంటి నంబరు రాసి క్లోజెట్‌లో దాచు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అది మళ్లీ గోడకు ఎక్కకపోతే నీ డిపాజిట్‌లోంచి 200 కోసేస్తారు. ఇర్వింగ్‌లో నాకు కోశారు.