హైపర్‌స్పెక్ట్రల్ అంటే ‘అతివర్ణపట’మేనా?

సందేహం: ఉపగ్రహాల నుంచి భూమిని చిత్రించే సెన్సర్ల గురించి ఒక వ్యాసంలో ‘కుదించిన, కఠినమైన అతివర్ణపట సంవేదకం’ అని రాశారు. అందులోనే ‘చిరునవ్వు దోషం’ అనే మాట కూడా ఉంది. ఈ ప్రయోగాలు సరైనవేనా?

సమాధానం: ‘అతివర్ణపట’ వ్యాకరణరీత్యా తప్పు కాదు గానీ, అర్థం పక్కదారి పడుతుంది. అతినీలలోహితం అంటే నీలలోహితానికి అవతలిది. ఆ అలవాటుతో చదివితే ఇదీ వర్ణపటానికి అవతలిదేదో అనిపిస్తుంది. నిజానికి ఇక్కడ జరిగేది వర్ణపటాన్నే మధ్యలో ఖాళీ లేకుండా సన్నటి పట్టీలుగా విడదీయడం. మామూలు సెన్సర్ ఉన్న లాండ్‌శాట్-8 ఉపగ్రహంలో ఆకుపచ్చ పట్టీ ఒక్కటే 530 నుంచి 590 నానోమీటర్ల దాకా ఉంటుంది. 2000లో నాసా పంపిన హైపర్‌స్పెక్ట్రల్ సెన్సర్ హైపీరియన్‌లో ఒక్కో పట్టీ సుమారు 10 నానోమీటర్లే. అందుకే ‘హైపర్‌స్పెక్ట్రల్’ను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘సన్నపట్టీల వర్ణపట చిత్రణ’ అని విప్పి చెప్పడం మేలు. సంవేదకం కన్నా సెన్సరే అందరికీ తెలిసిన మాట.

‘కాంపాక్ట్’కు ‘కుదించిన’ బొత్తిగా కుదరదు. 30 మీటర్ల నేల ఉపగ్రహం కింద 4 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. ఆ కాస్త కాంతినీ వందల పట్టీలకు పంచాలి కాబట్టి, కాంతిని పట్టే ద్వారాన్ని ఇష్టమొచ్చినట్టు తగ్గించలేరు. మడతపెట్టేది కాంతి మార్గాన్ని. ఆఫ్నర్ అనే అమరికలో సన్నటి చీలిక (స్లిట్) నుంచి వచ్చిన కాంతి పుటాకార అద్దాన్ని తాకి, కాంతిని రంగులుగా విడదీసే కుంభాకార గ్రేటింగు మీదికి వెళ్లి, మళ్లీ పుటాకార అద్దం మీదుగా కాంతిని నమోదు చేసే డిటెక్టర్‌కు చేరుతుంది. దీనికి ‘పొందికైన’ అన్న మాట చక్కగా నప్పుతుంది.

‘రగ్గెడ్’కు ‘కఠినమైన’ కూడా సరిపోదు. గాజు కూడా కఠినమే, అయినా అదిరితే పగులుతుంది. ఈ సెన్సర్ రాకెట్ కంపనాలను, కక్ష్యలో ఉష్ణోగ్రత మార్పులను ఓర్చుకోవాలి. కొన్ని పరికరాల్లో అద్దాలనూ చట్రాన్నీ ఒకే అల్యూమినియంతో చేసేది ఇందుకే: రెండూ సమంగా వ్యాకోచిస్తే అమరిక చెదరదు. ‘దిటవైన’ అనండి, లేదా ‘ఒడుదొడుకులను తట్టుకునే’ అనండి.

ఇంగ్లిషులో ‘స్మైల్’ అనే దోషానికి మక్కికిమక్కి అనువాదమైన ‘చిరునవ్వు’ మాత్రం పాఠకుణ్ణి పూర్తిగా తప్పుదోవ పట్టిస్తుంది. డిటెక్టర్ మీద తిన్నగా పడాల్సిన చీలిక బింబం విల్లులా వంగితే, ఒకే వరుసలోని పిక్సెళ్లు మధ్యలో ఒక తరంగదైర్ఘ్యాన్ని, అంచుల్లో మరొకదాన్ని నమోదు చేస్తాయి. ఆక్సిజన్ కాంతిని పీల్చుకునే 760 నానోమీటర్ల దగ్గర ఒకటి రెండు నానోమీటర్ల తేడా వచ్చినా, వాతావరణ ప్రభావాన్ని తీసేసే లెక్క చెడుతుంది. దీన్ని ‘చీలిక వంపు’ అంటే చాలు. దీని జంట దోషం కీస్టోన్‌ను ‘మూలరాయి’ చేయకండి. అందులో తరంగదైర్ఘ్యాన్ని బట్టి బింబం పొడవు మారి, పక్క పొలం కాంతి ఈ పొలం పిక్సెల్‌లో కలుస్తుంది. దానికి ‘బింబ పరిమాణ భేదం’ సరిపోతుంది.