సీఓపీడీకి స్లీప్ ఆప్నియా తోడైతే రాత్రిపూట ఆక్సిజన్ ఒక్కటే చాలుతుందా?

వరంగల్‌లో ఉండే మీ నాన్నగారికి సీఓపీడీ, స్లీప్ ఆప్నియా రెండూ ఉన్నాయని, రాత్రి ఆక్సిజన్ పెడితే సరిపోదా అని అడిగారు. సరిపోదండీ. సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో సన్నని గాలి గొట్టాలు ఇరుకవుతాయి. ఆప్నియాలో నిద్రపట్టాక గొంతు మూసుకుపోతుంది. ఈ రెండూ కలిసి ఉండటాన్ని 1985 నుంచి ఓవర్‌ల్యాప్ సిండ్రోమ్ అని పిలుస్తున్నారు; ఈ స్థితిలో రాత్రి రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, గుండె కుడి భాగంపై భారం పెరుగుతుంది. మూసుకున్న గొంతును ఆక్సిజన్ తెరవలేదు; పైగా అదొక్కటే పెడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవచ్చు. గొంతు తెరిచి ఉంచేది మాస్క్ ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ లేదా బైప్యాప్ యంత్రమే. ఇన్‌హేలర్లు మానవద్దు.

పొద్దున్నే తలనొప్పి, పగలు మగత, కాళ్ల వాపు ఉంటే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలోనో మరెక్కడైనానో ఛాతీ వైద్యులకు వెంటనే చూపించండి. బీడీ మాన్పించండి, కట్టెల పొయ్యి పొగ తగలనీయకండి. డాక్టరును అడగకుండా నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి.