స్పీకర్లు అద్దెకు దొరుకుతాయి, ఆర్నెల్ల ఇంటి ఖర్చు దొరకదు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. నిజామాబాద్‌లో ఒక కొరియర్ కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం చేతికి 22,000 వస్తుంది. ఇంట్లో అమ్మ, నేను. అద్దెతో కలిపి నెల ఖర్చు 16,500. బ్యాంకులో 45,000 ఉన్నాయి. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు డీజే చేయాలని ఉంది. షాపులో కొటేషన్ తీసుకున్నాను. నాలుగు చానళ్ల కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను కలిపి నడిపే పరికరం) 68,000, 15 అంగుళాల పవర్డ్ స్పీకర్ల జత 84,000, సబ్‌వూఫర్ 46,000, లైట్లు, స్మోక్ మెషీన్ 18,000, స్టాండ్లు, వైర్లు, కేసులు 14,000. మొత్తం 2,30,000. నా 45,000 డౌన్‌పేమెంట్ కింద కడతాను. ఒక యాప్‌లో 24 శాతం వడ్డీకి, రెండేళ్లకు 1,25,000 లోను అప్రూవ్ అయింది. మిగతా 60,000 తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నారు. ప్రోగ్రాంకు 8,000 చొప్పున నెలకు పది చేస్తే ఏడాదిలో తీర్చేస్తాను. ఈ కంట్రోలర్ తీసుకోవచ్చా? ఇంతకంటే మంచిది ఉందా? 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న ల్యాప్‌టాప్ నా దగ్గర ఉంది.

జవాబు: కంట్రోలర్ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ 45,000 గురించి. మీరు దాన్ని డౌన్‌పేమెంట్ అని రాశారు. అది మీ అమ్మగారికీ మీకూ రెండున్నర నెలల పైచిలుకు అద్దె, తిండి, కరెంటు బిల్లు. ఇలా రాసేది మీరొక్కరే కాదు. కెమెరా కొని పెళ్లి ఫొటోలు తీద్దామనుకునేవాళ్లు, కర్రీ పాయింట్ పెడదామనుకునేవాళ్లు కూడా ఖాతాలో ఉన్నదంతా ‘సొంత పెట్టుబడి’ అని ఒక పక్క రాసి, మిగతాదానికి అప్పు వెతుకుతారు. మొదటి నెలలోనే ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే చేతిలో ఏమీ ఉండదు. ఈ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నది అందుకే.

మీ లెక్కే వేసి చూద్దాం. 1,25,000 మీద 24 శాతానికి, 24 నెలలకు ఈఎంఐ దాదాపు 6,609. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ అనుకుంటే 4,425 ముందే కోస్తారు. అంటే చేతికొచ్చేది 1,20,575. కొటేషన్‌కు అక్కడే తక్కువ పడింది. 60,000 మీద మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,800. రెండేళ్లలో 43,200 వడ్డీ కట్టాక కూడా అసలు 60,000 అలాగే నిలబడి ఉంటుంది. నూటికి మూడు అన్నప్పుడు చిన్నగా వినిపిస్తుంది గానీ అది ఏడాదికి 36 శాతం. రెండూ కలిపి నెలకు 8,409. మీకు నెలకు మిగిలేది 5,500.

నెలకు పది ప్రోగ్రాంల మాటకొస్తే, పెళ్లిళ్లు నెల నెలా సమానంగా ఉండవని మీకు నేను చెప్పక్కర్లేదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. గురు మూఢమో శుక్ర మూఢమో వస్తే మరికొన్ని వారాలు పోతాయి. ముహూర్తాలున్న నెలల్లోనూ అందరికీ ఒకే రోజు కావాలి, మీరు ఒక్కచోటే ఉండగలరు. తెల్లవారితే డ్యూటీ కూడా ఉంది. 8,000లో బండి కిరాయి 1,500, ఇద్దరు కుర్రాళ్లకు 800 చొప్పున, తిండికి, పెట్రోలుకు 400 తీసేయండి. 4,500 మిగులుతుంది. నాలుగు మంచి నెలల్లో ఐదేసి చొప్పున ఇరవై చేశారనుకుందాం. 90,000. ఏడాదికి కట్టాల్సింది 1,00,908. మీ జీతంలో మిగిలే 66,000 కలిపితే ఏడాది లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది, కాగితం మీద. ఈఎంఐ మాత్రం ఏడాదికోసారి రాదు. ఒక్క ప్రోగ్రాం లేని ఆషాఢంలో కూడా 5వ తేదీన ఖాతాలోంచి పోతుంది. ఆ నెల మీకు 2,909 తక్కువ. నిల్వ మొత్తం స్పీకర్లలో ఉంది. అప్పుడు ఇంకో యాప్ తెరుస్తారు. ఈ యాప్ లోన్లలో ఇరుక్కుపోయినవాళ్లలో చాలామంది మొదట తీసుకున్న అప్పు వల్ల ఇరుక్కోలేదు, దాని కిస్తీ కోసం తీసుకున్న రెండో అప్పు వల్ల ఇరుక్కున్నారు.

కాబట్టి మొదటి కొనుగోలు అత్యవసర నిధి. ఉద్యోగం ఒక్కటే ఆధారమైతే నాలుగు నెలల ఖర్చు చాలంటాను. సీజన్‌ను బట్టి వచ్చే ఆదాయం మీద బతకాలనుకునేవాళ్లకు ఆరు నెలలకు తగ్గకూడదు. మీకది 99,000. ఉన్న 45,000లో 15,000 వేరే బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. ఆ ఖాతాను ఫోన్‌పేకు, గూగుల్‌పేకు కలపకండి. మిగతా 30,000ను పదేసి వేల చొప్పున మూడు ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయండి. అవసరం పడితే ఒక్కటే విరుస్తారు, మిగతా రెండూ కదలవు. ఆస్పత్రి, ఉద్యోగం పోవడం, ఇల్లు ఖాళీ చేయాల్సి రావడం అత్యవసరాలు. దసరా ఆఫర్‌లో స్పీకర్లు తగ్గడం అత్యవసరం కాదు. కంట్రోలర్ పాడవడం కూడా కాదు, రిపేర్ల డబ్బు ప్రోగ్రాం ఆదాయంలోంచి వేరుగా తీసిపెట్టాలి.

మొదటి నాలుగు నెలలు మిగిలే 5,500 మొత్తం నిధికే. 67,000 అవుతుంది, అంటే నాలుగు నెలల ఖర్చు. ఆ తర్వాతి నాలుగు నెలల 22,000తో మొదటి కిట్ కొనండి. ఆపైన వచ్చే ప్రతి ప్రోగ్రాం మిగులులో సగం, నిధి 99,000 చేరేదాకా, అటే వెళ్లాలి. ఎనిమిది నెలలా అని విసుక్కోకండి. మొదటి నాలుగు నెలలు ఖాళీగా కూర్చోమనడం లేదు. మిక్స్ (Mixxx అని రాసే ఉచిత డీజే సాఫ్ట్‌వేర్), రికార్డ్‌బాక్స్, ఈ రెండిట్లో ఏదో ఒకటి ఆ ల్యాప్‌టాప్‌లో వేసుకుని పాటలు సిద్ధం చేయండి. అసలు పని అక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్ ప్రతి పాటనూ నాలుగు దెబ్బల నడకగా ఊహించి బీట్‌గ్రిడ్ (దెబ్బ ఎక్కడ పడుతుందో చూపే గీతలు) గీస్తుంది. తీన్‌మార్ నడకకు ఆ గీతలు సరిగా పడవు, బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలో) సగమో రెట్టింపో చూపిస్తుంది. పాత పాటల్లో వాయిద్యకారులు చేత్తో వాయించినవాటికి మధ్యలో వేగం మారుతుంది. రెండు పాటల వేగాన్ని దానంతటదే కలిపే సింక్ బటన్ నమ్ముకుని వాటిని కలిపితే రెండు డప్పులు పోట్లాడుకున్నట్టుంటుంది. గ్రిడ్ సరిచేసి, ప్రతి పాటకూ ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ వదలాలో క్యూ పాయింట్లు పెట్టిన 300 పాటలుంటే ఏ కంట్రోలర్ మీదైనా రాణిస్తారు. యూట్యూబ్ నుంచి దింపిన పాటలు ఇయర్‌ఫోన్లలో బాగానే ఉంటాయి, హాల్లో పెద్ద స్పీకర్ల మీద పలచగా పడతాయి. కొన్న 320 కేబీపీఎస్ ఫైళ్లే వాడండి. సెలవు రోజుల్లో ఊళ్లో ఎవరైనా సౌండ్ వాళ్ల దగ్గర కుర్రాడిగా వెళ్లండి. వైర్లు చుట్టడం కూడా పనే, కూలీ కూడా వస్తుంది.

ఇక కంట్రోలర్. నాలుగు చానళ్లు మీకు అక్కర్లేదు. పెళ్లి ప్రోగ్రాంలో ఒక పాట వెళ్తుంటే ఇంకో పాట రెడీగా ఉంటే చాలు. రెండు చానళ్లవాటిలో పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 సరిపోతుంది. రికార్డ్‌బాక్స్‌తోనూ, సెరాటో డీజే లైట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తోనూ పనిచేస్తుంది, మైక్ ఇన్‌పుట్ ఉంది. కొత్తది మీ 22,000 దాటుతుంది. అందుకే దానికి ముందొచ్చిన డీడీజే-400 వాడినది వెతకండి, 16,000కు మించి పెట్టొద్దు. హెర్క్యులీస్ ఇన్‌పల్స్ 200 ఇంకా చవక, కానీ దానికి మైక్ ఇన్‌పుట్ లేదు. పెళ్లింట్లో మావయ్య మైక్ అడగని ప్రోగ్రాం ఉండదు, కాబట్టి అది ఇంట్లో సాధనకే. మిగిలిన 6,000లో చెవిని పూర్తిగా మూసే వైర్డ్ హెడ్‌ఫోన్స్ తీసుకోండి. బ్లూటూత్‌ది వద్దు, శబ్దం ఆలస్యంగా వస్తుంది, బీట్ కలపలేరు.

ఎఫ్‌ఎల్‌ఎక్స్4, డీడీజే-400 రెండూ ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. దీంతో ఒక లాభం ఉంది. ఫంక్షన్ హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు స్పీకర్లు ఆగుతాయి గానీ, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కంట్రోలర్, పాట నడుస్తూనే ఉంటాయి. విడిగా అడాప్టర్ పెట్టే పెద్ద కంట్రోలరైతే ఆగిపోయి మళ్లీ మొదలవ్వాలి. మధ్యలో చవక యూఎస్‌బీ హబ్ పెట్టకండి, కరెంటు చాలక కంట్రోలర్ ఊడిపోతుంది.

వాడినది కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లండి. క్రాస్‌ఫేడర్‌ను (రెండు పాటల మధ్య అటూ ఇటూ జరిపే మీట) ఒక చివరకు తోసి, రెండో వైపు డెక్‌లో పాట పెట్టండి. సన్నగానైనా వినిపిస్తే ఫేడర్ అరిగింది. ప్రతి ప్యాడ్ నొక్కండి, జాగ్ వీల్ (చేత్తో తిప్పే పెద్ద చక్రం) రెండు వైపులా తిప్పండి, యూఎస్‌బీ వైరును కొద్దిగా కదిపి చూడండి. వెనక ఆర్‌సీఏ జాక్‌లు (శబ్దం బయటికెళ్లే ఎరుపు, తెలుపు గుండ్రటి జాక్‌లు) కదిలిస్తే గరగరమంటే వదిలేయండి. ముందు డబ్బులు పంపమన్నా, ‘మీకు డబ్బులు రావాలంటే క్యూఆర్ స్కాన్ చేయండి’ అన్నా ఫోన్ పెట్టేయండి. స్కాన్ చేసి పిన్ కొట్టేది డబ్బు పంపడానికే.

వైర్లలో పొదుపు చేయకండి. ఆర్‌సీఏ నుంచి రెండు 6.3 మిల్లీమీటర్ల జాక్‌లకు ఒకటి, ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు (మైక్ వైరుకుండే మూడు పిన్నుల జాక్) ఒకటి, అదనంగా ఒక యూఎస్‌బీ వైరు, ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఫోన్ తగిలించడానికి 3.5 మిల్లీమీటర్ల జాక్ నుంచి ఆర్‌సీఏకు ఒకటి. ఆర్‌సీఏ వైరు మూడు మీటర్లు దాటితే గుయ్‌మనే శబ్దం పట్టుకుంటుంది. మిక్సర్ దూరంగా ఉంటే కంట్రోలర్ పక్కనే డీఐ బాక్స్ (దూరం వెళ్లినా గుయ్‌మనకుండా సిగ్నల్‌ను మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కణ్నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ లాగమని సౌండ్ వాళ్లను అడగండి. అయినా గుయ్‌మంటుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ సమస్య, మీ కంట్రోలర్‌ది కాదు.

స్పీకర్లు, సబ్, లైట్లు అద్దెకే. టెంట్ హౌస్ వాళ్ల దగ్గరో సౌండ్ సప్లై వాళ్ల దగ్గరో, మనిషితో సహా. సౌండ్ వాళ్లకు పోగా మీకు 2,000 మిగిలినా ఆ డబ్బు మీద ఏ ఈఎంఐ లేదు. డబ్బా మీద 1,000 వాట్లని రాసి ఉంటే అది చాలాసార్లు పీక్ (ఒక్క క్షణం ఇవ్వగలిగేది), ఆగకుండా ఇచ్చేది దాంట్లో నాలుగో వంతే ఉండొచ్చు. ఆర్‌ఎంఎస్, అంటే ఆ ఆగకుండా ఇచ్చేది, ఎంతో అడగండి. మీ కంట్రోలర్‌లో ఎర్ర లైటు వెలగనివ్వకండి. శబ్దం చాలకపోతే మిక్సర్ దగ్గర పెంచమనండి. ఎరుపులో నడిపితే పగిలిన సిగ్నల్ వెళ్లి పైన ఉండే చిన్న డ్రైవర్ మాడిపోతుంది, అద్దె స్పీకరైతే దాని ఖరీదు మీ నెత్తిన పడుతుంది. ఏడాదిలో మీరు కట్టిన అద్దె మొత్తం ఒక జత ధరలో సగం దాటి, నిధిలో 99,000 నిండుగా ఉంటే అప్పుడు సొంత స్పీకర్ల మాట ఎత్తండి.

సొంతానికి తొందరపడొద్దనడానికి ఇంకో కారణం చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేనే నిషేధించారు. మీ దగ్గర ఏ ఉత్తర్వు నడుస్తోందో బుకింగ్ ఒప్పుకునే ముందు స్టేషన్‌లో కనుక్కోండి. సామాను సీజ్ చేస్తే విడిపించుకునేదాకా ప్రోగ్రాంలు ఆగుతాయి, కిస్తీ ఆగదు.

మిగతా దారుల గురించి ఒక్కో మాట. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర శిశు రుణం 50,000 దాకా ఇస్తారు, ఏడాది బుకింగ్‌ల లెక్క చేతిలో ఉన్నప్పుడు ఆలోచించండి. అమ్మగారి బంగారం జోలికి పోవద్దు. చిట్టీ ముందే పాడుకోవడం కూడా అప్పే. నో కాస్ట్ ఈఎంఐలోనూ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఉంటాయి. కంపెనీ ఆరోగ్య బీమా ఉంటే అది ఉద్యోగంతోనే పోతుంది, రాజీనామా ఆలోచన రాకముందే మీ ఇద్దరికీ సొంత పాలసీ ఉండాలి.

యాప్‌లో అప్రూవ్ అయిన లోనును ఈ రోజే రద్దు చేయండి. డబ్బు ఖాతాలో పడిపోయి ఉంటే ముట్టుకోకండి. రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఎన్ని రోజులో మీకిచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో (లోను షరతులు రాసిన పత్రం) చూడండి. ఆ లోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు, ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు. కట్టిన రసీదు, లోను మూసేసినట్టు లేఖ తీసుకుని దాచుకోండి.