ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ కంట్రోల్స్ పదే పదే ఔట్ అవుతుంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కంట్రోల్స్ అంటే విలువ ముందే తెలిసిన శాంపిల్స్, వాటి ఫలితం హద్దు దాటితే ఔట్. లివర్ ఎంజైమ్ టెస్టులైన ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీలలో మెషీన్‌ను కాలిబ్రేట్ చేస్తే (తెలిసిన ప్రమాణంతో సరిచేస్తే) ఒక పూట బాగుండి మళ్లీ ఔట్ అవుతుంటే, ముందు ఆ కాలిబ్రేషన్ ఆపండి. అది లోపాన్ని సరిచేయదు, కప్పిపెడుతుంది. నేను బయోకెమిస్ట్రీ విభాగంలోనే పనిచేస్తాను. మెషీన్ మూత తీసే ముందు నేను చూసేది ఒక్కటే: ఏయే టెస్టులు తప్పుతున్నాయి, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి?

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ రెండూ సాధారణంగా 340 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (యూవీ కాంతి) దగ్గర చదివేవి. యూవీ పద్ధతిలో చేసే యూరియా కూడా అంతే. అది కూడా అటూ ఇటూ ఊగుతూ, 500 చుట్టుపక్కల చదివే గ్లూకోజ్, కొలెస్ట్రాల్ నిక్షేపంగా ఉంటే నా అనుమానం ల్యాంప్ మీదే. హాలోజన్ ల్యాంప్‌లో 340 దగ్గర వెలుతురు మొదటినుంచీ తక్కువే, పాతబడితే ముందు దెబ్బతినేది అక్కడే. ఎస్‌జీపీటీ ఒక్కటే తప్పితే రీఏజెంట్ (ఆ టెస్టుకి వాడే రసాయన ద్రావణం) చూడండి. అన్నీ తప్పితే నీళ్లు, శాంపిల్ ప్రోబ్ (శాంపిల్‌ను పీల్చే సూది), లేదా కంట్రోల్ ఉన్న చిన్న సీసా, అంటే వయలే. పొడి కంట్రోల్‌ను కలిపేటప్పుడు కొంత పొడి రబ్బరు మూతకి అంటుకుని ఉండిపోతుంది, ఎవరూ గమనించరు.

తర్వాత ఒకే కంట్రోల్ శాంపిల్‌ను వరుసగా పదిసార్లు పెట్టండి. విలువలు చెల్లాచెదురుగా వస్తే ల్యాంప్, ప్రోబ్, సిరంజి, గాలి బుడగలు. ప్రోబ్ కడిగాక దాని మొనను దగ్గరగా చూడండి: చుక్క వేలాడుతుంటే ఎక్కడో లీకేజీ, సన్నని దారంలాంటిది అంటుకుని ఉంటే ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే పోగు). రక్తం పూర్తిగా గడ్డకట్టకముందే సెంట్రిఫ్యూజ్ చేసే చోట ఇది మామూలే. విలువలన్నీ ఒకేచోట ఉండి, టార్గెట్‌కి మాత్రం దూరంగా ఉంటే కాలిబ్రేటర్, రీఏజెంట్, టెంపరేచర్. ఎంజైమ్ టెస్టులు కాబట్టి 37 డిగ్రీలు కాస్త తప్పినా ఫలితం మారిపోతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. ల్యాంప్, రీఏజెంట్ రెండూ కలిపి మార్చేస్తే సమస్య పోవచ్చు, కానీ ఏది కారణమో ఎప్పటికీ తెలియదు. మార్చినదేదో లాగ్‌బుక్‌లో టైముతో సహా రాయండి, ఇంజినీర్ వచ్చాక సగం ప్రశ్నలకి జవాబు అదే.

ల్యాంపే అని తేలితే కొత్తది వేశాక కాసేపు వేడెక్కనివ్వండి. ఆ తర్వాత క్యువెట్ బ్లాంక్ (టెస్టు జరిగే చిన్న గిన్నెల్లో శాంపిల్ లేకుండా తీసే రీడింగ్), అప్పుడు కాలిబ్రేషన్, చివర్లో కంట్రోల్స్. కంట్రోల్ సరిగ్గా వచ్చిన ఆఖరి రన్ తర్వాత వెళ్లిన పేషెంట్ శాంపిల్స్‌లో కొన్నిటిని మళ్లీ పెట్టి చూడండి. తేడా ఎక్కువుంటే టెన్షన్ పడకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి రిపోర్టు సవరించండి.